మూడో నంబరు మిషను

నాకు మనుషుల మీద అనుమానం ఎక్కువని మా ఆయన శివరామకృష్ణయ్య ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఉంటే తప్పేమిటి? కర్ణాటకలో కంప్లి అవతల, కోస్తా నుంచి వలస వచ్చిన మావాళ్ల క్యాంపులో వడ్లు తూచేటప్పుడు కాటా దగ్గర నేను నిలబడ్డ రోజు ఒక్క బస్తా కూడా తూకంలో తగ్గలేదు. ఆయన నిలబడ్డ రోజుల సంగతి నన్ను అడగొద్దు. అందుకే భీమక్క నాతో అంత చనువుగా మాట్లాడిన మొదటి రోజే, ఈమెకి నాతో ఏదో పని ఉందని నాకు తెలిసిపోయింది.

నా రెండు కిడ్నీలూ పోయాయి. బీపీ వల్లే పోయాయని డాక్టరు అన్నాడు. ఆ బీపీ ఎవరివల్ల వచ్చిందో ఆయన అడగలేదు, మా ఆయన పక్కనే ఉన్నాడని నేనూ చెప్పలేదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, డయాలిసిస్ చేయించుకోవాలి. మొదటి తొమ్మిది నెలలు బళ్లారి తిరిగాను. పొద్దున్నే బస్సెక్కడం, నాలుగు గంటలు మిషనుకి కట్టుబడి పడుకోవడం, మళ్లీ బస్సులో కిటికీకి తల ఆనించి వాంతి ఆపుకుంటూ రావడం. ఇంటికొచ్చి మంచం మీద పడితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ మనిషిని అయ్యేదాన్ని కాదు.

ఈలోగా మాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రిలో నాలుగు మిషన్లు పెట్టారు. పేరు రాయించుకుని కూర్చుంటే, చివరికి మూడో నంబరు నాకొచ్చింది. ఎలా వచ్చిందంటే, అంతకుముందు దాని మీద పడుకునే ఆయన పోయాడు. అక్కడ ఖాళీలు అలాగే వస్తాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

రెండో నంబరు భీమక్కది. నలభై అయిదేళ్లుంటాయి. పక్క ఊరి మనిషి, ఒకప్పుడు మా క్యాంపుల్లో నాట్లకి వచ్చేదట. ఆమె నాకు గుర్తులేదు. నేను ఆమెకి బాగా గుర్తున్నాను. అది కూడా నాకు నచ్చలేదు. ఉన్నది ఒక్క నర్సమ్మ కాబట్టి ఒకటి, మూడు నంబర్లవాళ్లకి ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి, రెండు, నాలుగు నంబర్లవాళ్లకి తొమ్మిదిన్నరకి పెట్టేది. భీమక్క మాత్రం ఎనిమిదికే వచ్చి తన మంచం మీద కూర్చునేది. మొదటి రోజు నా చేతికి సూదులు గుచ్చుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. పక్కనుంచి పలకరింపు వినిపించింది.

“ఏమ్మా, బరువెంత పెరిగినావు?”

పరిచయం లేని ఆడమనిషిని మొట్టమొదట అడిగే మాటేనా అది?

“ఎందుకు?” అన్నాను.

“ఊరికేనే. రెండు కేజీలు దాటితే కష్టమవుతాది. దాటినావా?”

దాటాను. చెప్పలేదు. మాలాంటివాళ్లకి తాగిన నీళ్లు బయటికి పోవు. ఒక వంతుకీ ఇంకో వంతుకీ మధ్య పెరిగే బరువంతా ఆ నీరే. అది ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాబట్టి బరువెంత అని అడగడమంటే, చావుకి ఎంత దగ్గరలో ఉన్నావని అడగడమే.

తర్వాత వారం ఇంకో సంగతి చెప్పింది.

“మా బ్యాచ్‌లో ఒక కట్టుబాటు ఉండాది సరోజమ్మా. పొద్దున ఆరుకి నేను అందరికీ మిస్డ్ కాల్ ఇస్తా. నువ్వు తిరిగి ఇయ్యాల. ఎత్తేది లేదు, మాట్లాడేది లేదు. ఏడు దాకా నీది రాలేదనుకో, ఫోన్ చేస్తా. ఎత్తలేదనుకో, ఎవరో ఒకరం వచ్చి చూస్తాం.”

“ఏం చూస్తారు?”

“ఉండావా లేదా అని.”

అంత తేలిగ్గా అనేసింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, “మంచిదేగా సరోజినీ, నీ గురించి పట్టించుకునేవాళ్లు ఉన్నారు,” అన్నాడు. ఆయనకి లోకంలో అందరూ మంచివాళ్లే.

మిగతా ఇద్దరూ ఇస్తుంటే నేనొక్కదాన్నే ఇవ్వనంటే బాగుండదని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే భీమక్క దగ్గర పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి. దాహమైతే నీళ్లు తాగకుండా చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకోమంది. సూదుల చెయ్యి కింద పెట్టి పడుకోవద్దంది. ఆయాసం వస్తే తలగడలు ఎత్తుగా వేసుకోమంది. నిద్రపట్టక, ఒళ్లంతా దురదపెట్టి నేను ఏడిస్తే, అది మందుల దురద కాదని, తనకీ అంతేనని చెప్పింది. మా ఇంట్లో ఎవరికీ అర్థం కానిది ఆమెకి చెప్పకుండానే అర్థమయ్యేది. కానీ మేలు చేసేవాళ్లు ఎందుకు చేస్తున్నారో చూసుకోవాలి కదా. నేను చూస్తూనే ఉన్నాను.

ఎండాకాలంలో ఒక మంగళవారం మా ఆయన సంచిలో కొబ్బరిబోండాం పెట్టుకొచ్చాడు. మా చెట్టుదే. మావాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే బోండాలు పట్టుకెళ్లి చూడడం మామూలు. జ్వరమైనా, ఆపరేషనైనా, పురుడైనా. కోస్తా నుంచి మా తాతలు ఇక్కడికి వచ్చేటప్పుడు వరి విత్తనంతోపాటు ఆ అలవాటు కూడా తెచ్చుకున్నారు. డాక్టరు నీళ్లు తగ్గించమన్నాడు, తగ్గించాను. కొబ్బరినీళ్లు నీళ్ల కిందికి వస్తాయని నాకు తోచలేదు, మా ఇంటిల్లిపాదికీ తోచలేదు. అది మందు.

వరండాలో బల్ల మీద కూర్చుని స్ట్రా నోట్లో పెట్టుకోబోతున్నాను. వరండా ఆ చివరినుంచి భీమక్క కేక వేసి, పరుగెత్తుకొచ్చి బోండాం మీద ఒక్క దెబ్బ కొట్టింది. నా నేత చీరంతా తడిసింది.

“తాగినావా? తాగింటే ఉమ్మెయ్! ఏం పుట్టింది నీకు?”

పదిమందిలో నన్ను అలా ఎవరూ అనలేదు. నర్సు మంజుశ్రీ వచ్చి నెమ్మదిగా చెప్పింది. అందులో ఉండే ఉప్పు మాలాంటివాళ్ల రక్తంలో నిలిచిపోతుందట, బరువు పెరిగి ఉన్న రోజు తాగితే గుండె ఆగిపోవచ్చట. నమ్మాను. కానీ చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది కదా? ఇంకో వింత కూడా గమనించాను. ఆ రోజు నాలుగు గంటలూ భీమక్క గోడవైపు తిరిగే పడుకుంది. వెక్కుతున్నట్టు అనిపించింది. చీర తడిసింది నాది, ఏడుపు ఆమెకెందుకు?

ఆమెకి నాతో ఉన్న పనేమిటో తెలిసిపోయిందనుకున్నది మొన్న ఒక శుక్రవారం.

ఆ గది తలుపు మీద వెయిటింగ్ లిస్టు అతికిస్తారు. కన్నడంలో ఉంటుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే బడికి పోయినదాన్ని, చదవగలను. మొదటి పేరు హొన్నూరప్ప. ఊరు భీమక్కదే.

“ఈయనెవరు?” అని మంజుశ్రీని అడిగాను.

“భీమక్క తమ్ముడే ఆంటీ. వాళ్ల వంశంలోనే ఉండాదంట ఈ జబ్బు. పాపం, ఏడాదిన్నర నుంచి బళ్లారికి తిరుగుతాండాడు. అప్పుడు లిస్టులో మీ కిందనే ఉండె ఆయన పేరు.”

నా తలలో ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంది. బరువెంత. ఆరింటికి మిస్డ్ కాల్. ఉండావా లేదా. ఒకటో నంబరు, నాలుగో నంబరు పాతికేళ్ల వాళ్లు, గట్టిగా ఉన్నారు. పోయేలా ఉన్నది నేనే. ఎనిమిదిన్నరకి మంచం మీద లేకపోతే ఆ రోజు వంతు లిస్టులో మొదటివాళ్లకి ఇస్తారు. మూడుసార్లు రాకపోతే పేరే కొట్టేస్తారు. మళ్లీ బళ్లారి బస్సు ఎక్కితే నేను రెండు నెలలు బతకను, ఆ సంగతి నాకు తెలుసు. ఆ మిషను నా ప్రాణం. దాని మీద ఇంకొకరి కన్ను పడింది.

ఆ రోజు భీమక్క మామూలుగానే అడిగింది, “బరువెంత సరోజమ్మా?”

“నీకెందుకు చెప్పాలి?” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. దొరికిపోయింది కాబట్టి అలా అయిందనుకున్నాను.

ఇంటికి రాగానే నా ఫోనులో భీమక్క నంబరు బ్లాక్ చేయమని మా ఆయనతో అన్నాను. “ఎందుకే పాపం,” అని నసిగాడు. నేను గొంతు పెంచాక చేశాడు. ఆదివారం కోతమిషను మాట్లాడడానికి సిరుగుప్ప వైపు వెళ్తూ, మంగళవారం పొద్దున్నకల్లా వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. సోమవారం రాత్రి ఫోన్ చేసి, మిషను ఇంకా దొరకలేదు, తెల్లారి బయలుదేరతానన్నాడు. ఆయన తెల్లారడం ఎప్పుడో నాకు తెలుసు.

కోపంలో ఉన్నప్పుడు నాకు నోరు కట్టుకోవడం రాదు. ఆ రెండు రోజులూ ఒక్కదాన్నే కూర్చుని ఆవకాయ వేసుకుని తిన్నాను, ఆ దాహానికి మజ్జిగ తాగాను, మళ్లీ తాగాను. ఐసుముక్క మాట చెప్పింది భీమక్క కాబట్టి అది కూడా పాటించలేదు. ఇంత వయసొచ్చి ఆ పని చేశాను.

మంగళవారం తెల్లారేసరికి పడుకోలేకపోయాను. కూర్చుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది, వాలితే లేదు. వంటింటి గడప మీద కూర్చుని గోడ పట్టుకున్నాను. ఫోను హాల్లో ఉంది, పది అడుగులు. పక్కిళ్లవాళ్లంతా కోతల్లో ఉన్నారు. పిలుద్దామంటే గొంతులో గురక తప్ప మాట లేదు. మా ఆయన రాలేదు.

ఎంతసేపైందో, గేటు గట్టిగా ఊగింది.

“సరోజమ్మా! గేటు తియ్యి!”

తెరిచి ఉన్న వీధి తలుపులోంచి గేటు కనిపిస్తోంది. భీమక్క. వెనక మోటారుసైకిలు మీద ఒక మగమనిషి. నలభై ఉండవు. ముఖం ఉబ్బి ఉంది, ఆ ఉబ్బు ఏమిటో నాకు తెలుసు. తమ్ముడే. అక్కా తమ్ముడూ కలిసి కళ్లారా చూసి పోదామని వచ్చారన్నమాట. మా ఆయన లేడని వీళ్లకెలా తెలిసింది? లేవగలిగినా గేటు తీసేదాన్ని కాదు. పొమ్మని చెయ్యి ఊపాను.

హొన్నూరప్ప గోడ దూకాడు. గడియ తీశాడు. ఇద్దరూ లోపలికొచ్చారు.

“మీ ఆయనకి నిన్న ఫోన్ చేసినా. ఊర్లో లేనన్నాడు,” అంది భీమక్క నా చంకల కింద చేతులు వేస్తూ. “నీ ఫోనేమో మూడు దినాలనుంచి ఒక్క రింగుకే తెగిపోతాండాది. కోపంలో నువ్వే కట్ చేస్తాండావేమో అనుకుంటి. చూడు, ఎట్లయినావో! ల్యే, ల్యే, బేగ!”

ముందు అతను, మధ్యలో నేను, వెనక ఆమె. నా నడుం చుట్టూ ఆమె చెయ్యి. రోడ్డు మీద రెండువైపులా వడ్లు ఆరబోసి, అడ్డంగా రాళ్లు పెట్టారు. హొన్నూరప్ప బండిని కాలవగట్టు మీదికి తిప్పాడు. కాలవ నిండుగా పారుతోంది. మనిషి అలికిడి లేదు. ఊపిరాడని ఆ స్థితిలో కూడా నాకు ఏ ఆలోచన వచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెబుతాను. వీళ్లు నన్ను ఇందులో తోసేస్తారనుకున్నాను. ఎడం చేత్తో బండి కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

గట్టు మీద ఉండగానే అతని చొక్కా జేబులో ఫోను మోగింది. బండి కొంచెం ఆపి, తీసి చూశాడు. మళ్లీ జేబులో పెట్టేసి బండి ఉరికించాడు. మళ్లీ మోగింది. ఈసారి తీయను కూడా తీయలేదు. ఆసుపత్రి చేరేదాకా ఆగి ఆగి నాలుగైదుసార్లు మోగింది.

మంజుశ్రీ వరండాలోనే ఎదురొచ్చింది, చేతిలో ఫోనుతో.

“హొన్నూరప్పణ్ణా! మీకే ఫోన్ మీద ఫోన్ చేస్తాండా, ఎత్తేదే లేదు! ఆంటీ రాలేదు, ఈపొద్దు మూడో నంబరు మీదే అని...” అంటూ అతని భుజం మీద వాలిన నన్ను చూసి ఆగిపోయింది.

“అందుకే ఎత్తలేదమ్మా,” అన్నాడు హొన్నూరప్ప. “పట్టుకో, ఈమెను పట్టుకో ముందు.”

గడియారం తొమ్మిదికి పది నిమిషాలు చూపిస్తోంది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, సూదులు గుచ్చారు. నాలుగున్నర కేజీలు పెరిగానని ఎవరో అంటుండగా విన్నాను. తర్వాత చాలాసేపు ఊపిరి పీల్చడం తప్ప ఇంకేమీ చేయలేదు.

రెండు గంటలు గడిచాక గదిలో వస్తువులు తేటగా కనిపించసాగాయి. పక్క మంచం మీద భీమక్క తన మిషనుకి కట్టుబడి పడుకుని నన్నే చూస్తోంది. ఇంకెవరైనా అయితే చేతులు పట్టుకుని క్షమాపణ అడిగేవాళ్లు. నాకు ముందు నిజం తేలాలి.

“భీమక్కా, ఒకటి అడుగుతాను. నా బరువు అడిగింది నీ తమ్ముడి కోసమేగా?”

దేవుడి మీద ఒట్టేస్తుందనుకున్నాను.

“అవును,” అంది.

నేను తల పూర్తిగా ఆమెవైపు తిప్పాను.

“మొదట్లో దానికే. నువ్వు వచ్చిన దినం చూస్తే కాళ్లు వాచి, ముఖం వాచి ఉంటివి. ఈమె ఎక్కువ దినాలు ఉండదులే, మా హొన్నూరికి వస్తాది అనుకుంటి. పొద్దున నీ మిస్డ్ కాల్ వస్తే, అయ్యో, వచ్చెనే అనుకునేదాన్ని. నీకు చెప్పకూడదు, అయినా అడిగినావు కదా.”

“మరి నా చేతిలో బోండాం ఎందుకు కొట్టావు?”

“అదే చెప్తాండా. దూరంనుంచి చూస్తి. నేను సుమ్నె, నోరు మూసుకుని ఉండింటే చాలు. నేను తెచ్చిచ్చినానా, తాగమన్నానా? నువ్వే తెచ్చుకుంటివి. ఉండాలనే అనుకుంటి సరోజమ్మా, నిజం. కొంచెం సేపు నిలబడే ఉంటి. ఆపైన నేనేమీ అనుకోలేదు, కాళ్లే ఉరికినాయి.” ఆమె గొంతు తగ్గింది. “పండుకున్నాక ఆలోచన చేస్తే, ఎట్లాంటిదాన్ని అయిపోతిని అని ఏడుపు వచ్చె. ఆ పొద్దునుంచి నీ కాల్ రాకపోతే నాకు భయమయితాది.”

నా అనుమానం నిజమైంది. జీవితంలో మొదటిసారి, నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు.

“ఇప్పుడు అనుకోవా, నా మిషను వస్తే బాగుండునని?”

“అనుకుంటా. వాడు బళ్లారి బస్సు దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకుంటే అనుకుంటా. మళ్లా పొద్దున ఆరుకి నీకే ఫోన్ చేస్తా.”

గది తలుపుకి నిలువునా గాజు అద్దం ఉంది. అందులోంచి వరండా బల్ల మీద కూర్చున్న హొన్నూరప్ప కనిపిస్తున్నాడు. చెప్పులు విప్పి, వాచిన పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

“ఈ రోజు మంగళవారం. అతనికి బళ్లారిలో వంతు కదా?”

“ఎనిమిది బస్సుకి పోవాల్సింటె. బస్టాండులో ఉంటే నేనే పిలిపించినా, నిన్ను ఎత్తేకి మగమనిషి కావాలని. ఇంగ శుక్రవారమే వానికి.”

అంటే శుక్రవారం నుంచి శుక్రవారం దాకా. ఏడు రోజులు. ఒక్క వంతు తప్పితే ఒళ్లు ఏమవుతుందో ఈ గదిలో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. నాకు రెండు గంటలు అయింది, ఊపిరి దారిలో పడింది. మిగతా రెండు గంటలు అతనికి ఇమ్మని మంజుశ్రీని అడగొచ్చు. కుదురుతుందో లేదో, అడిగితే కదా తెలిసేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. నేను దుప్పటి గడ్డందాకా లాక్కుని, అద్దంవైపు చూడకుండా తల తిప్పుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా అడగలేదు.

“నువ్వేం ఆలోచన చేస్తాండావో నాకు తెలుసులే,” అంది భీమక్క.

“నేనేమీ అనలేదే.”

“అనొద్దు. నీ నాలుగు గంటలు నువ్వు పండుకో.” కప్పువైపు చూస్తూ అంది, “నాది మాత్రం వానికి ఒక్క గంటైనా ఇచ్చినానా? ఏడాదిన్నర అయె వాడు తిరగబట్టి. ఇద్దరమూ ఒక్క కడుపునే పుట్టినాము.”

ఆ మాట ఆమె ఇంతకుముందు ఇంకెవరితోనూ అని ఉండదు. నాతో అనగలిగింది, ఎందుకంటే ఆ క్షణంలో నేను కూడా అదే పని చేస్తున్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకీ వచ్చింది. ఇద్దరి సూదుల చేతులూ కదపకూడదు కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి ఒక్కొక్క చెయ్యే మిగిలింది.

హొన్నూరప్ప లేచి అద్దం దగ్గరికొచ్చాడు. మేమిద్దరం ఏడవడం చూసి కంగారుపడి, ఏమైందని చెయ్యి ఊపి అడిగాడు. ఏమీ లేదని ఇద్దరం చేతులు ఊపాం. నా మిషను మీద ఇంకా గంటా నలభై నిమిషాలు చూపిస్తోంది. అదంతా నేనే తీసుకున్నాను.